నూరేళ్ళంటే నాలుగేళ్ళేనా? బైనరీ జోకులు అర్థం చేసుకుని, అల్లి, పేల్చడానికి సమగ్ర మార్గదర్శి

ప్రోగ్రామర్లు అంకెల మీద వేసుకునే జోకులు వందలకొద్దీ ఉన్నా, వాటి కిటుకు దాదాపు ఒక్కటే. కాగితం మీద కనిపించే అంకెలు ఒకటే, వాటి విలువలు రెండు. 10 అని రాస్తే అది పది కావచ్చు, రెండు కావచ్చు, ఎనిమిది కావచ్చు, పదహారు కావచ్చు. ఏ బేస్‌లో (అంటే మొత్తం ఎన్ని అంకెలతో లెక్కపెట్టే పద్ధతిలో) చదవాలో ఆ అంకెలు చెప్పవు. చదివేవాడు అలవాటుగా ఒక బేస్ అనుకుంటాడు, చివరి మాటకి అది తప్పని తెలుస్తుంది. ఆ క్షణంలోనే నవ్వు వస్తుంది.

ఈ గైడ్‌కి ప్రోగ్రామింగ్ రావాల్సిన పని లేదు. రెట్టింపు చేయడం వస్తే చాలు. అడుగులకి నంబర్లు ప్రోగ్రామర్ల పద్ధతిలోనే వేశాను. అడుగు 1 తర్వాత నేరుగా అడుగు 10 వచ్చిందేమిటి, మధ్యలో పేజీలు ఎగిరిపోయాయా అని టెన్షన్ పడకండి.

అడుగు 0: రెట్టింపులు నోటికి రావాలి

జోకు విన్న రెండు సెకన్లలో లెక్క తేలకపోతే నవ్వు రాదు. కాబట్టి ముందు వేగం కావాలి. 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256, 512, 1024. వీటిని ఎక్కాల్లా బట్టీ పట్టండి. బైనరీ అంటే 0, 1 మాత్రమే వాడే బేస్ 2. దాంట్లో కుడి చివరి స్థానం విలువ 1, దాని ఎడమది 2, ఆపైన 4, అలా పోతుంది. 1011 అంటే 8, 2, 1 కలిపితే 11.

ఇంతకన్నా వేగమైన దారి ఇంకోటి ఉంది. ఎడమ నుంచి మొదలుపెట్టి, చేతిలో ఉన్న సంఖ్యని రెట్టింపు చేసి తర్వాతి అంకెని కలుపుతూ పోవాలి. 1011కి: 1, తర్వాత 2, తర్వాత 5, తర్వాత 11. ఏ స్థానం ఎంతో గుర్తుపెట్టుకునే బాధ ఉండదు. తిరుగు దారిలో రెండుతో భాగిస్తూ శేషాలు రాసుకోవాలి. 13ని భాగిస్తే శేషాలు వరసగా 1, 0, 1, 1. కింది నుంచి పైకి చదివితే 1101.

సాధనకి వేళ్ళు చాలు. బొటనవేలు 1, చూపుడు వేలు 2, మధ్య వేలు 4, ఉంగరం వేలు 8, చిటికెన వేలు 16. ఒక చేత్తో 31 దాకా, రెండు చేతులతో 1023 దాకా లెక్కపెట్టొచ్చు. మామూలుగా పది దగ్గరే ఆగిపోయే వేళ్ళు ఇవే. ఒక్క జాగ్రత్త: 4 దగ్గరికి వచ్చినప్పుడు ఎదుట ఎవరున్నారో చూసుకోండి, ఒంటరి మధ్య వేలు చూపిస్తే తిట్టినట్టే అవుతుంది. రెండు చేతులతో అదే మాట చెప్పాలంటే 132. అందుకే కోపం వస్తే “నువ్వు నాకు 132” అనేసి ఊరుకునేవాళ్ళు ఉంటారు. తిట్టించుకున్నవాడికి ఇంటికెళ్ళాక అర్థమవుతుంది.

అడుగు 1: పాత జోకుని విప్పి చూడండి

“లోకంలో మనుషులు 10 రకాలు. బైనరీ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు.” టీషర్టుల మీదా కప్పుల మీదా అచ్చయి అరిగిపోయిన జోకు ఇది. అయినా దాని నిర్మాణం చూడండి. మొదటి వాక్యం చదవగానే మనసు పది రకాల జాబితాకి సిద్ధమవుతుంది. రెండో వాక్యం రెండింటితోనే ఆగిపోతుంది. మిగతా ఎనిమిదీ ఏవని అడిగినవాడు తను ఏ రకమో తనే చెప్పేశాడు. వినేవాడినే జోకులో పాత్ర చేయడం దీని అసలు గొప్ప.

ఇది కంటికి పనికొచ్చే జోకు, చెవికి కాదు. పైకి చదివేటప్పుడు “పది రకాలు” అంటే బైనరీ ఛాయే ఉండదు, “ఒకటి సున్నా రకాలు” అంటే గుట్టు ముందే రట్టవుతుంది. కాబట్టి దీన్ని రాయండి, చెప్పకండి. చాట్‌లో పెట్టేటప్పుడు కూడా అంకెల్లోనే పెట్టాలి, అక్షరాల్లో రాస్తే చచ్చిపోతుంది.

దీని మీదే మరో మెలిక ఉంది. “మనుషులు 10 రకాలు: బైనరీ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, ఇది బేస్ 3 అని గ్రహించినవాళ్ళు.” బేస్ 3లో 10 అంటే మూడు కదా. ఇది ఊహ మాత్రమే అనుకునేరు, 1958లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో నికొలాయ్ బ్రుసెన్‌త్సోవ్ బృందం సెతూన్ అనే కంప్యూటర్‌ని నిజంగానే మూడు స్థితుల మీద నడిపింది. మైనస్ ఒకటి, సున్నా, ఒకటి. అక్కడివాళ్ళకి ఈ మెలికే అసలు జోకు అయ్యుండాలి.

ఇంకొంచెం లోతుకి వెళ్తే ప్రతి బేసూ తన దృష్టిలో బేస్ 10 అని తేలుతుంది. నాలుగు వేళ్ళున్న జీవి నాలుగుని 10 అనే రాసుకుంటుంది. “మాది బేస్ 10” అని అది చెబితే కాదనడానికి మన దగ్గర ఆధారమేమీ ఉండదు.

అడుగు 10: తెలుగు నుడికారంతో సొంత జోకు అల్లండి

అరువు జోకులతో ఎంతకాలం? మన మాటల్లో పది, నూరు, వెయ్యి, పదివేలు, లక్ష, కోటి విచ్చలవిడిగా దొర్లుతాయి. వాటన్నిట్లో ఉన్న అంకెలు ఒకటీ సున్నాలే. అంటే అన్నీ చెల్లుబాటయ్యే బైనరీ సంఖ్యలే. బైనరీలో చదివితే పది రెండవుతుంది, నూరు నాలుగు, వెయ్యి ఎనిమిది, పదివేలు పదహారు, లక్ష ముప్ఫై రెండు, కోటి నూట ఇరవై ఎనిమిది.

ఇప్పుడు రోజూ వాడే మాటల్ని దీంట్లోంచి చూడండి. “నిండు నూరేళ్ళు బతుకు నాయనా” అన్నారంటే నాలుగేళ్ళే. దీవించారో శపించారో ముందు బేస్ అడిగి తెలుసుకోవాలి. తెలివైనవాడు దీవెన హెక్స్‌లో, అంటే బేస్ 16లో, ఇమ్మంటాడు, అప్పుడు 256 ఏళ్ళు. “వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు” అనే సామెత భయపెట్టేలా ఉంటుంది గానీ, బైనరీలో ఎనిమిది అబద్ధాలు చాలు. అంత మాత్రం ఆడనిదే ఏ సంబంధమూ కుదరదు. ఇక “లక్ష పళ్ళూ రాలగొడతా” అని ఎవరైనా బెదిరిస్తే అతిశయోక్తి అనుకోకండి, సరిగ్గా ముప్ఫై రెండే అంటున్నాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇది:

“కోడ్ పంపే ముందు ఒకటికి 10 సార్లు చూసుకోమన్నానా లేదా?”
“చూశానండీ.”
“ఎన్నిసార్లు చూశావు?”
“ఒకటికి రెండుసార్లు.”
“మరి 10 సార్లు అన్నాను కదా?”
“అదేనండీ నేను చేసింది.”

తెలుగులో “ఒకటికి పదిసార్లు” ఉంది, “ఒకటికి రెండుసార్లు” కూడా ఉంది. రెండూ జాగ్రత్తకే వాడతాం. బైనరీలో ఆ రెండూ ఒకటే మాట. “అదే పదివేలు” అన్నప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది. పదివేలు బైనరీలో పదహారు. పదహారణాలూ దక్కినట్టే కాబట్టి ఇక గొణగడానికేముంది?

అల్లే పద్ధతి చెబుతాను. ముందు ఒకటీ సున్నాలతోనే ఉన్న సంఖ్య వచ్చే నుడికారం వెతకండి. దాన్ని బైనరీలో చదివి వచ్చిన విలువ రాసుకోండి. ఆ చిన్న విలువతో వాక్యం అర్థం తలకిందులైతే, లేదా మరింత నిజమైతే, జోకు దొరికినట్టే. ఏమీ కాకపోతే వదిలేయండి. “కోటి విద్యలు కూటి కొరకే” తీసుకుని నూట ఇరవై ఎనిమిది విద్యలంటే ఎవరికీ నవ్వు రాదు, ఆ సంఖ్యకి మనసులో ఏ బొమ్మా లేదు. ముప్ఫై రెండుకి పళ్ళున్నాయి, పదహారుకి అణాలున్నాయి, 128కి ఏముంది?

ఒక్కోసారి బేస్ మార్చినా లొంగని మాట తగులుతుంది. “ఆరు నూరైనా సరే” అంటాం. ఆరుని 100 అని రాసే బేస్ ఏదైనా ఉందా? ఏ బేస్‌లోనైనా 100 అంటే ఆ బేస్ వర్గం: 4, 9, 16, 25, 36. ఆరు వర్గ సంఖ్య కాదు. కాబట్టి పూర్ణ సంఖ్య ఏది బేస్‌గా పెట్టినా ఆరు నూరు కాదు. అదే “నాలుగు నూరైనా” అని ఉంటే బైనరీ వాళ్ళ దగ్గర ఆ ప్రతిజ్ఞ రోజూ ఓడిపోయేది. సామెత పుట్టించినవాళ్ళు గట్టి సంఖ్యనే పట్టారు.

అడుగు 11: ఆక్టల్‌లో గణాలు కట్టండి

ఆక్టల్ అంటే బేస్ 8. దీని మీద ఉన్న ప్రసిద్ధ జోకు: ప్రోగ్రామర్లకి హాలోవీన్‌కీ క్రిస్మస్‌కీ తేడా ఎందుకు తెలియదు? ఎందుకంటే అక్టో 31, డెసి 25 సమానం. ఆక్టల్‌లో 31 అంటే మూడు ఎనిమిదులూ ఒకటీ, అంటే డెసిమల్‌లో (మన మామూలు బేస్ 10లో) 25. నెలల పేర్ల పొట్టి రూపాలూ సంఖ్యామానాల పొట్టి రూపాలూ ఇంగ్లీషులో అచ్చం ఒకటే కావడం వల్ల ఇది పండింది. తెలుగులో పెడితే సగం ఆవిరైపోతుంది. దాని జోలికి పోకుండా మన సరుకు వాడుకుందాం.

బిట్ అంటే ఒక్క బైనరీ అంకె. ఆక్టల్ అంకె ఒక్కొక్కటీ సరిగ్గా మూడు బిట్లు. ఛందస్సులో మూడక్షరాల గణం కూడా మూడు బిట్లే. లఘువుని 0, గురువుని 1 అనుకోండి. (లఘువు గుర్తు నిలువు గీత, చూడటానికి 1 లాగే ఉంటుంది. తికమక పడకండి, ఇక్కడ గురువే 1.) అప్పుడు న గణం 0, స గణం 1, జ గణం 2, య గణం 3, భ గణం 4, ర గణం 5, త గణం 6, మ గణం 7. ఎనిమిది గణాలు, ఎనిమిది ఆక్టల్ అంకెలు, ఒక్కటీ మిగలదు, ఒక్కటీ తగ్గదు. స్కూల్లో బట్టీ పట్టిన “యమాతారాజభానసలగం” 0111010001 అవుతుంది. దాంట్లో ఎక్కడ మొదలుపెట్టి వరసగా మూడు అంకెలు తీసినా కొత్త గణమే వస్తుంది, ఎనిమిదీ ఒక్కోసారే వస్తాయి. ఇలాంటి వరసలకి గణితంలో డి బ్రూయిన్ వరసలని పేరు.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు అనుమతులు ఆక్టల్‌లోనే ఇస్తారు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. యజమానికి ఒక అంకె, బృందానికి ఒకటి, మిగతా అందరికీ ఒకటి. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేస్తే 777, గణాల్లో మ మ మ. ప్రతివాడూ “మమ, మమ” అంటూ ఫైలు తనదే అంటున్నాడన్నమాట. ఎవరికీ ఏ అనుమతీ లేకపోతే 000, అంటే న న న. అంతకన్నా తెగేసి చెప్పడం ఎలా?

చంపకమాల గణాలు న జ భ జ జ జ ర. అంకెల్లో 0242225. సి అనే ప్రోగ్రామింగ్ భాషలో సున్నాతో మొదలైన సంఖ్యని ఆక్టల్‌గా చదువుతారు. అంటే చంపకమాలని ఉన్నదున్నట్టు సి ప్రోగ్రాంలో పెడితే కంపైలర్ (ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) మారు మాట్లాడకుండా ఒప్పుకుని 83093 అంటుంది. ఉత్పలమాలకి ఆ భాగ్యం లేదు, అది భ గణంతో, అంటే 4తో మొదలవుతుంది.

ముందున్న ఆ సున్నాయే బోలెడు తలనొప్పులకి మూలం. జాబితా అందంగా కనబడాలని 100, 010, 001 అని వరస కలిపి రాసినవాడి ప్రోగ్రాంలో మధ్యది ఎనిమిదైపోతుంది. 08 అని రాస్తే ఆక్టల్‌లో 8 అనే అంకే లేదు కాబట్టి కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. ఇలా తప్పుదారి పడుతున్నారనే పైథాన్ 3లో 010 అని రాయడాన్నే నిషేధించారు.

అడుగు 100: హెక్స్‌లో మాటలు రాయండి

హెక్స్ అంటే బేస్ 16. తొమ్మిది తర్వాత అంకెలు చాలవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు ఎ నుంచి ఎఫ్ దాకా అరువు తెచ్చుకున్నారు. అక్షరాలు వచ్చాక మాటలు రాకుండా ఉంటాయా? జావా క్లాస్ ఫైలు తెరిచి చూస్తే మొదటి నాలుగు బైట్లు (బైట్ అంటే ఎనిమిది బిట్లు, రెండు హెక్స్ అంకెలు) “కేఫ్ బేబ్” అని చదవొచ్చు. ఇది జావా ఫైలే అని గుర్తుపట్టడానికి పెట్టిన ముద్ర అది. “డెడ్ బీఫ్” ఇంకా పాతది. ఖాళీ మెమరీని దీంతో నింపి ఉంచుతారు. ప్రోగ్రాం పడిపోయినప్పుడు డంప్‌లో, అంటే అప్పుడు మెమరీలో ఉన్నదాన్ని అచ్చేసిన జాబితాలో, ఈ మాట కనిపిస్తే, ముట్టుకోకూడని చోట ముట్టుకున్నారని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ఎ నుంచి ఎఫ్ లోపలే ముగిసేవి కొన్ని దొరుకుతాయి. అబ్బా (ఎ బి బి ఎ) విలువ 43962. అడ్డా (ఎ డి డి ఎ) విలువ 44506. డబ్బా (డి ఎ బి బి ఎ) విలువ 8,95,930. నా ఓటు దెబ్బకి (డి ఇ బి బి ఎ), విలువ 9,12,314. తప్పుడు మెమరీ ముట్టుకున్న ప్రోగ్రాంకి డంప్‌లో “దెబ్బ” కనిపించడం కన్నా న్యాయం ఏముంటుంది?

రెండూ కలిపి “అబ్బాదెబ్బ” రాద్దామంటే చిక్కొస్తుంది. అది తొమ్మిది హెక్స్ అంకెలు, అంటే 36 బిట్లు. 32 బిట్లలో ఎనిమిదే పడతాయి. పై అంకె రాలిపోయి “బ్బాదెబ్బ” మిగులుతుంది. నోట్లో దెబ్బ తగిలినవాడు అలాగే అంటాడు కాబట్టి దాన్ని మార్చక్కర్లేదు.

హెక్స్‌లో నూరు అంటే 256. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్ళకి 2008 దాకా 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. 256 సెంట్లు ఒక హెక్స్ డాలర్ అని ఆయన లెక్క. ఏడాదిలో 256వ రోజుని ప్రోగ్రామర్ల దినంగా జరుపుకుంటారు, మామూలుగా సెప్టెంబరు 13న, లీపు సంవత్సరంలో 12న. 2009లో రష్యా దాన్ని అధికారికంగా గుర్తించింది. సినిమా భాషలో చెప్పాలంటే అది ఏడాదికి శతదినోత్సవం, హెక్స్‌లో.

అడుగు 101: హద్దు దాటించండి

ఒక బైట్‌లో 0 నుంచి 255 దాకా పడతాయి. 255కి ఒకటి కలిపితే మళ్ళీ సున్నా. సున్నాలోంచి ఒకటి తీస్తే 255. దీని మీద తిరిగే జోకు ఒకటి ఉంది. దేవుడు ప్రత్యక్షమై మూడు వరాలిచ్చాడు. రెండు వాడుకున్నాక ప్రోగ్రామర్ “మిగిలిన వరాల లెక్క సున్నా చెయ్యి స్వామీ” అన్నాడు. స్వామి సున్నా రాసి, వరం ఇచ్చేశాను కదా అని అలవాటుగా ఒకటి తీసేశాడు. ఇంకా 255 వరాలు మిగిలాయి.

ఈ జోకు చెప్పేటప్పుడు క్రమం తప్పితే అంతా పోతుంది. ముందు ఒకటి తీసి, తర్వాత సున్నా రాస్తే భక్తుడికి మిగిలేది సున్నాయే. క్రమం సరిగ్గానే ఉన్నా, ఆ లెక్క మైనస్‌లు కూడా పట్టే బైట్‌లో ఉంటే మైనస్ ఒకటి వస్తుంది, అంటే భక్తుడే దేవుడికి ఒక వరం బాకీ. వినేవాళ్ళలో సి రాసేవాళ్ళుంటే ఈ రెండో ముగింపే ఎక్కువ పేలుతుంది.

ఇలాంటివి నిజంగానే జరుగుతాయి. 1980 నాటి ప్యాక్‌మాన్ ఆటలో లెవెల్ లెక్క ఒక్క బైట్‌లో పెట్టారు. 256వ లెవెల్‌కి చేరిన మొనగాడికి బహుమతిగా తెర కుడి సగం నిండా చెత్త అక్షరాలు కనిపిస్తాయి. 2014 డిసెంబరులో ఒక కొరియా పాట చూసినవాళ్ళ లెక్క 2,14,74,83,647 దాటేసరికి, కౌంటర్‌ని 64 బిట్లకి పెంచాల్సి వచ్చిందని యూట్యూబ్ ప్రకటించింది. సెకన్లని 32 బిట్లలో లెక్కపెట్టే పాత కంప్యూటర్లకి 2038 జనవరి 19న గ్రీనిచ్ కాలం 03:14:07 ఆఖరి క్షణం. తర్వాతి సెకనులో వాటికి 1901 డిసెంబరు 13 వస్తుంది. సమయానికి ఇవ్వలేకపోయిన ప్రాజెక్టులన్నీ ఆ రోజు ఒక్కసారిగా గడువుకి 136 ఏళ్ళ ముందే పూర్తయినట్టు లెక్క.

అడుగు 110: బయటికి వదిలే ముందు

దశాంశాల జోకులకి పెద్ద శ్రమ అక్కర్లేదు. 0.1కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 వస్తుంది. 0.1 బైనరీలో ఆవర్తనం, 0.000110011 అంటూ ముగియకుండా పోతుంది, ఎక్కడో తుంచాలి. “లెక్క సరిపోయిందా?” అంటే “దాదాపు” అనడం దీంట్లోంచి పుట్టినదే.

అయితే అదే 0.1 తుంచడం వల్ల 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారం సెకనులో మూడో వంతు తప్పింది. వస్తున్న క్షిపణిని అది అడ్డుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. దాని మీద జోకు వేసేవాళ్ళని చూశాను, నవ్వు రాలేదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ 16 బిట్లలో పట్టని సంఖ్యని కుక్కబోయి పేలిపోయింది. దాంట్లో మనుషులు లేరు, కాబట్టి దాని మీద ఎన్నైనా వేసుకోవచ్చు.

హెక్స్ మాటలకీ హద్దుంది. 2012లో లైనక్స్ కెర్నెల్‌లో (ఆ సిస్టమ్ మూల భాగంలో) మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కోడ్‌లో ఆడవాళ్ళ శరీరం మీద చవకబారు మాట హెక్స్‌లో దొరికింది. గొడవయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పింది, సంఖ్యని మార్చారు. మీరు పెట్టే మాట మీ టీమ్‌లో అందరి ముందూ పైకి చదవగలరా అని చూసుకోండి, చదవలేకపోతే తీసేయండి. “దెబ్బ” లాంటిది పెడితే పక్కనే ఒక లైను కామెంట్ రాయండి. అర్ధరాత్రి డంప్ ముందు కూర్చున్నవాడికి అది డెసిమల్‌లో 912314 అని కనిపిస్తే అదేదో కస్టమర్ నంబరనుకుని వెతుకుతూ కూర్చుంటాడు.